ఆపరేటరు గారి అమ్మాయి

సినిమా హాలు జ్ఞాపకాలు ఎవరు చెప్పినా తెర వైపు తిరిగే చెప్తారు. నేల టిక్కెట్టు, ఇంటర్వెల్లో గోళీ సోడా, వేరుశనక్కాయల పొట్లం, హీరో రాగానే ఎగరేసిన కాగితం ముక్కలూ. అవన్నీ నాకూ ఉన్నాయి. కానీ నేను వెనక్కి తిరిగి చెప్పాలి. హాలు వెనక గోడకి పైన నాలుగు చిన్న చదరపు కన్నాలు ఉండేవి, గుర్తుందా? అందులోంచే వెలుతురు చారలా వచ్చి తెర మీద పడేది. ఆ కన్నాల అవతల గదిలో నలభై ఏళ్ళకి పైగా నిలబడి పనిచేసిన మనిషి మా నాన్న.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. హాలుకి దేవుడి పేరుతో పెద్ద బోర్డే ఉండేది గానీ ఊళ్ళో అందరూ "కొత్త హాలు" అనేవాళ్ళు. అంతకుముందు ఊరి చివర టెంటు హాలు ఒకటి ఉండేదిట, దానికన్నా ఇది కొత్త. నాకు ఊహ తెలిసేసరికే గోడలకి నాచు పట్టింది, కుర్చీల్లో నల్లులు కాపురం పెట్టేశాయి. అయినా అది కొత్త హాలే. నాన్న 1966లో అక్కడ రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరి, తర్వాత లైసెన్సు తెచ్చుకుని ఆపరేటరయ్యారు. ఫొటో అంటించిన ఆ లైసెన్సుకి ఫ్రేము కట్టించి, కేబిన్లో వినాయకుడి పటం పక్కన పెట్టుకున్నారు.

బళ్ళో నన్ను అందరూ "ఆపరేటరు గారమ్మాయి" అనేవాళ్ళు. రోజూ డబ్బులివ్వకుండా సినిమాలు చూసేస్తానని వాళ్ళకి కుళ్ళు. నిజం చెప్పనా? ఏ సినిమా అయినా నేను చూసేది పది నిమిషాలే.

మొదటాట ఆరున్నరకి. ఎనిమిదవుతుండగా అమ్మ కేరేజీ సర్ది నాకూ చెల్లికీ ఇచ్చేది. హాలు వెనక సందులోంచి వెళ్ళి, బయటి ఇనప మెట్లెక్కి తలుపు కొడితే నాన్న తీసేవారు. కేరేజీ అక్కడ పెట్టి, కన్నంలోంచి ఓ పది నిమిషాలు చూసి దిగిపోవాలి. మర్నాడు మళ్ళీ అదే వేళకి వెళ్తాం, సినిమా కూడా సరిగ్గా అక్కడికే వచ్చి ఉంటుంది. సినిమా యాభై రోజులు ఆడితే యాభై రోజులూ మాకు అదే పది నిమిషాలు. ఆ ముక్కలో ఎవరు ఏ మాటంటారో, ఎవరి చెవులకి ఏ జూకాలున్నాయో కంఠతా వచ్చేసేది. ముందేం జరిగిందో, చివరికేమైందో తెలీదు. ఇంటికి నడిచొస్తూ ముందూ వెనకా కథ మేమే అల్లేసుకునేవాళ్ళం. తర్వాతెప్పుడో అమ్మతో కలిసి పూర్తి సినిమా చూస్తే, మా కథే బాగుందనిపించేది చాలాసార్లు.

ఆ గది ఎలా ఉండేదో చెప్తాను. ఎండాకాలం వంటిల్లు ఎంత వేడిగా ఉంటుందో అంత వేడి. రెండు పెద్ద ప్రొజెక్టర్లు పక్కపక్కనే, రెండు ఏనుగుల్లాగా. ఒక్కోదాని నెత్తి మీంచి రేకు గొట్టం కప్పులోంచి బయటికి పోయేది, పొగ పోవడానికి. గోడకి ఎర్ర రంగు వేసిన ఇసక బాల్చీలు. ఒక మూల బల్ల మీద రీళ్ళు వెనక్కి చుట్టే చేతి మిషను, దాని పక్కన ఫిలిం అతికించే సిమెంటు సీసా. ఇప్పటికీ మా అమ్మాయి గోళ్ళరంగు సీసా మూత తీస్తే చాలు, నాకు కేబిన్ గుర్తొస్తుంది.

అప్పట్లో బల్బు కాదు, కార్బన్ల వెలుతురు. రాగి పూత వేసిన రెండు కార్బన్ పుల్లల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకసారి తాకించి కాస్త ఎడం చేస్తే మధ్యలో మంట పుడుతుంది. మామూలు కళ్ళతో చూడకూడదు, నల్లద్దంలోంచి చూడాలి. ఆ మంట వెనక ఒక అద్దం. ఆ అద్దం మీంచి వచ్చిన వెలుతురే ఫిలింలోంచి దూరి తెర మీద పడేది. పుల్లలు కాలిపోయేకొద్దీ ఎడం పెరిగిపోతుంది, బొమ్మ పచ్చగా మసకేస్తుంది. అందుకని ఆటంతా ఒక చెయ్యి ఆ మర మీదే ఉండాలి, తిప్పుతూ దగ్గర చేస్తూ. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు.

సెకనుకి 24 బొమ్మలు. నిమిషానికి 90 అడుగుల ఫిలిం. వెయ్యడుగుల రీలు 11 నిమిషాలు. ఇవి నాకు ఎక్కాలతో పాటే వచ్చేశాయి. సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ పడగానే నేల జనం రీళ్ళు లెక్కపెట్టి "పదహారు!" అని అరిచేవాళ్ళు, ఎక్కువుంటే సంబరం. పదహారు రీళ్ళంటే అయిదు కిలోమీటర్లకి కాస్త తక్కువ. మూడాటలకి రోజూ పధ్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఫిలిం నాన్న చేతుల మీదుగా వెళ్ళేది. "నేను కదలకుండానే రోజూ పక్కూరు వెళ్ళొస్తున్నా" అనేవారు.

రెండు ప్రొజెక్టర్లు ఎందుకంటే, ఒక చుట్ట అయిపోయేలోపు రెండోది సిద్ధంగా ఉండాలి కాబట్టి. రెండేసి రీళ్ళు కలిపి ఒక చుట్ట చేసేవారు. చుట్ట అయిపోతోందని చెప్పడానికి తెర మీద కుడి పక్క పై మూలన ఒక చుక్క పడుతుంది, రెప్పపాటు. అది చూడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క పడుతుంది. అప్పుడు దీని వెలుతురు మూసి దానిది తెరవాలి. కుదిరితే హాల్లో ఎవరికీ తెలీదు. కుదరకపోతే అందరికీ తెలుస్తుంది. ఒక ఆటలో ఇలా ఏడు సార్లు. నాన్న ఆ చుక్క కోసం ఎంత అలవాటు పడిపోయారంటే, ఎవరైనా ఎదురుగా నించుని మాట్లాడుతుంటే వాళ్ళ మొహం మీద కాకుండా కుడి చెవి పైన చూసేవారు. మా మావయ్య దీని మీద ఎన్ని వేళాకోళాలు ఆడాడో.

ఇంకోటి కూడా చెప్పారు, అది నాకు భలే నచ్చింది. ఫిలిం మీద బొమ్మా దాని మాటా ఒకే చోట ఉండవుట. మాట ఇరవై బొమ్మల ముందుంటుంది. మిషన్లో బొమ్మ పడే చోటు వేరు, శబ్దం తీసుకునే చోటు వేరు. ఫిలిం ఎక్కించేటప్పుడు మధ్యలో ఆ వదులు సరిగ్గా పెడితే పెదవీ మాటా కలుస్తాయి, లేకపోతే లేదు. "మీ నాన్నకీ నాకూ మధ్య ఆ వదులు ఎవరూ సరిచెయ్యలేదు" అనేది అమ్మ, నవ్వుతూనే.

సినిమా బాక్సులు బెజవాడ గాంధీనగర్‌లో ఉండే డిస్ట్రిబ్యూటరు ఆఫీసుల నుంచి బస్సు మీద వచ్చేవి. మా టౌనుకి కొత్త ప్రింటు ఎక్కడిది? పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, గీతలు పడి మా దాకా వచ్చేది. పాత సినిమాల్లో ఎప్పుడూ వాన కురుస్తూనే ఉంటుందని మా చెల్లి చాలా ఏళ్ళు నమ్మింది. తెగిన చోటల్లా కాస్త కత్తిరించి అతికించాలి కదా, ఆ ముక్కలు నాన్న జేబులో వేసుకొచ్చేవారు. మా వీధి పిల్లలకి అవే రూపాయి నోట్లు. కాలిపోయిన బల్బు లోపలి భాగం తీసేసి నీళ్ళు పోసి, అద్దంతో ఎండ పట్టి, నాన్న పంచె గోడకి కట్టి మేమూ ఆటలు వేసేవాళ్ళం. టిక్కెట్టు రెండు చింతపిక్కలు.

ఇంత చెప్తే బాగానే ఉంటుంది గానీ, ఇంట్లో సంగతి వేరు. పండగనాడు అందరి నాన్నలూ ఇంట్లో ఉంటారు. మా నాన్న పండగనాడే ఉండరు. సంక్రాంతికి, దసరాకి కొత్త సినిమా పడుతుంది, తెల్లారగట్టే ఆట మొదలవుతుంది. కొత్త బట్టలేసుకుని మేం ఇనప మెట్లెక్కి వెళ్ళి చూపించి వచ్చేవాళ్ళం. ఆయన ఒక కన్ను తెర మీద, ఒక కన్ను మా మీద పెట్టి "బావుందమ్మా, బావుంది" అనేవారు. మామూలు రోజుల్లో రెండో ఆట వదిలి సైకిలు మీద ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. అమ్మ లేచి అన్నం వేడి చేసేది. మిషన్ల హోరులో ఉండి ఉండి ఆయనకి మెల్లిగా మాట్లాడ్డం రాదు. "చారు బావుంది" అన్నా వీధి వీధంతా లేచేది.

అమ్మ నెలకో సినిమా చూసేది, ఆడవాళ్ళ బెంచీలో కూర్చుని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పక్కన కూర్చుని ఒక్క సినిమా చూడలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "ఆయన వేస్తారు, నేను చూస్తాను. ఇద్దరం కూర్చుంటే వేసేదెవరు?" అనేది.

ఆ ఆడవాళ్ళ బెంచీలో కూర్చున్నప్పుడే నాకు ఆ మాటలు మొదటిసారి వినపడ్డాయి. తొమ్మిదేళ్ళుంటాయి నాకు. మంచి పాట మధ్యలో ఫిలిం తెగింది. తెర తెల్లగా అయిపోయింది. హాలంతా ఒక్కసారిగా ఈలలు, కేకలు. "ఒరేయ్ ఆపరేటరూ, పడుకున్నావా?" దగ్గర మొదలుపెట్టి రాయకూడని మాటలదాకా వెళ్ళింది. అమ్మ తెల్లతెర వైపే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది. ఒక్క నిమిషంలో బొమ్మ మళ్ళీ వచ్చింది, అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. మర్నాడు నాన్న నిద్ర లేచేదాకా ఆగి అడిగాను, "అలా తిడుతుంటే నీకు బాధగా ఉండదా?" అని.

నాన్న పళ్ళపొడి చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించారు. "తిడుతున్నారంటే చూస్తున్నారనే కదమ్మా. బొమ్మ ఆగిపోతే ఎవరూ అరవలేదనుకో, అప్పుడు భయపడాలి" అన్నారు.

అప్పుడు నాకు అది అర్థం కాలేదు. పెళ్ళయి, ఇద్దరు పిల్లల్ని పెంచి, రోజుకి మూడుపూటలా వండి పెట్టాక కాస్త కాస్త తెలిసింది. ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ ఏమీ అనరు, తిని లేచిపోతారు. ఇల్లు సజావుగా నడుస్తున్నన్నాళ్ళూ నడిపేవాళ్ళు కనపడరు. ఇది ఫిర్యాదు కాదండోయ్. నాన్న కూడా ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పలేదు.

పెళ్ళంటే గుర్తొచ్చింది. 1989లో నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు మధ్యవర్తి ఒకాయన అమ్మకి రహస్యంగా చెప్పాడు, "సినిమా హాలు అనకండమ్మా, ఎలక్ట్రికల్ లైన్లో ఉన్నారని చెబ్దాం" అని. అంతకుముందు ఒక సంబంధం ఆ మాట మీదే తప్పిపోయింది. అమ్మ ఒప్పుకోలేదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీలు తాగుతుండగానే, వాళ్ళు అడక్కముందే చెప్పేసింది, "మా వారు కొత్త హాల్లో ఆపరేటరండీ" అని.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మా అత్తగారు, అంటే అప్పటికింకా కాలేదు, కప్పు కింద పెట్టి నాన్న వైపు చూశారు. "దాన వీర శూర కర్ణ మేం మీ హాల్లోనే చూశామండీ, బండి కట్టుకుని వచ్చి. నాలుగ్గంటల సినిమా. మధ్యలో తెగిపోతే మా ఊరి కుర్రాళ్ళు ఆపరేటర్ని నోటికొచ్చినట్టు తిట్టారు. అప్పుడు ఉన్నది మీరేనా?" అన్నారు.

"నేనేనండీ" అన్నారు నాన్న, వీధంతా వినపడేలా.

ముందు మా అత్తగారు నవ్వారు, తర్వాత అందరూ. ఆ సంబంధమే కుదిరింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ వియ్యంకుడు గారు వచ్చినప్పుడల్లా "ఈసారి తెగకుండా వెయ్యండి" అని ఆటపట్టించేవారు.

నాన్నకి సినిమా కథలతో పెద్ద పని ఉండేది కాదు. ఆయన చూసేది తలలు. కేబిన్ కన్నంలోంచి చూస్తే జనం మొహాలు కనపడవు, తలల వెనక భాగాలే కనపడతాయి. తలలు అటూ ఇటూ కదుల్తుంటే సినిమా వారం. కదలకుండా ఉంటే యాభై రోజులు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాల్లో సగం కుర్చీలు ఖాళీ. పాత పాటల సినిమా ఎవరు చూస్తారని అందరూ పెదవి విరిచారు. నాన్న మాత్రం ఇంటికొచ్చి అమ్మతో అన్నారు, "జనం లేరు గానీ, ఉన్న తలలు కదల్లేదే" అని. ఆ తర్వాత ఏమైందో మీకందరికీ తెలుసు.

నా పెళ్ళయ్యాక కార్బన్లు పోయి జినాన్ దీపాలొచ్చాయి. పొగ తగ్గింది, నాన్న దగ్గూ కాస్త తగ్గింది. ఇంటింటికీ టీవీ, ఆ తర్వాత వీధి వీధికీ కేబులూ వచ్చాయి. నేల క్లాసు ఎత్తేసి కుర్చీలు వేశారు, కానీ కూర్చునేవాళ్ళేరీ? నేను సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడల్లా నాన్న వాళ్ళని కేబిన్‌కి తీసుకెళ్ళేవారు. మావాడు కన్నంలోంచి చూసి "తాతయ్యా, తలలేవీ?" అని అడిగాడు ఒకసారి.

2007 అనుకుంటాను, ఒకరోజు రాత్రి అమ్మ ఫోను చేసింది. అంత రాత్రి ఫోనంటే గుండె ఆగినంత పనయింది. "ఏం లేదే, మీ నాన్న అన్నం తినకుండా కూర్చున్నారు" అంది. ఏమైందంటే, ఆవేళ రెండో ఆటలో ఫిలిం తెగిందిట. నాన్న అతికించి మళ్ళీ ఎక్కించేదాకా మూడు నిమిషాలు పైన పట్టింది, అప్పటికి చూపు కాస్త తగ్గింది కదా. ఆ మూడు నిమిషాలూ హాల్లో చప్పుడు లేదుట. ఈల లేదు, కేక లేదు. పాతికమంది ఉన్నారు, ఎవరి సెల్‌ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో ఒకే మాటన్నారు, "ఇవాళ ఎవరూ అరవలేదు."

ఫోనులో నాకేం చెప్పాలో తోచలేదు. "నాన్నకియ్యమ్మా" అని, ఆయన లైన్లోకి రాగానే, "ఏంటి నాన్నా, పడుకున్నావా?" అన్నాను గట్టిగా, నేల క్లాసు గొంతుతో. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన నవ్వు వినపడింది. అన్నం తిన్నారుట.

ఇంకో రెండేళ్ళకి రీళ్ళు రావడం ఆగిపోయింది. మేడ మీద శాటిలైట్ డిష్షు పెట్టారు, కేబిన్లోకి కంప్యూటర్ లాంటి పెట్టె వచ్చింది. సినిమా ఆకాశంలోంచి వచ్చి అందులో పడుతుందిట. గీతల్లేవు, చుక్కల్లేవు, తెగడం అసలే లేదు. దాన్ని చూసుకోవడానికి ఒక కుర్రాణ్ణి పెట్టారు. హాలు యజమాని నాన్నని ఉన్నపళంగా పొమ్మనలేదు, గేటు దగ్గర కూర్చోమన్నారు. నాన్న వారం రోజులు కూర్చుని, "టిక్కెట్టు చింపడం నాకు చేతకాదండీ" అని చెప్పి వచ్చేశారు. పాత ప్రొజెక్టర్లు రెండూ ఇనుము కింద అమ్మేసిన రోజు మాత్రం వెళ్ళి, కాటా మీద పెట్టేదాకా ఉండి వచ్చారు. ఎంత తూగాయో అమ్మ అడిగితే చెప్పలేదు.

2010 జనవరిలో మాయాబజార్‌కి రంగులు వేసి విడుదల చేశారు. అమ్మానాన్నా అప్పుడు హైదరాబాదులో మా ఇంట్లో ఉన్నారు. పట్టుబట్టి తీసుకెళ్ళాం. నలభై ఏళ్ళ పైబడిన కాపురంలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని సినిమా చూడటం అదే మొదటిసారి. నేను తెర చూడలేదు, వాళ్ళనే చూశాను. అమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. నాన్న పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి కన్నం వైపు చూస్తున్నారు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి నిటారుగా అయిపోయి, తెర కుడి పక్క పై మూల వైపు చూస్తూ ఒడిలో చెయ్యి బిగించేస్తున్నారు. ఎన్నోసారో మరి, అమ్మ తల తిప్పకుండానే ఆ చేతి మీద చెయ్యి వేసి, "మీరు వెయ్యక్కర్లేదు, కూర్చోండి" అంది. ఆ తర్వాత ఆయన వెనక్కి చూడలేదు.

బయటికొచ్చాక ఎలా ఉంది నాన్నా అని అడిగితే, "తలలు కదల్లేదమ్మా" అన్నారు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. కొత్త హాలు ఇప్పుడు కల్యాణ మండపం. అమ్మ నా దగ్గరే ఉంటోంది. వస్తూ వస్తూ చీరలతో పాటు ఒక గుండ్రటి రేకు డబ్బా తెచ్చుకుంది. సొట్టపడిందని ఎప్పుడో బాక్సులోంచి తీసేసిన రీలు డబ్బా అది, మూత మీద తెల్ల రంగుతో 7 అని ఉంటుంది. మా చిన్నప్పటి నుంచీ దాన్లో అప్పడాలే. సరిగ్గా అప్పడానికి కొలిచి చేసినట్టుంటుంది, చెమ్మ దూరదు, ఒక్కటీ విరగదు. మొన్న మా కోడలు వంటిల్లు సర్దుతూ "అత్తయ్యా, ఇది తీసేసి ప్లాస్టిక్ డబ్బా పెట్టనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే హాల్లోంచి అమ్మ అరిచింది, వీధి వీధంతా వినపడేలా. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. డబ్బా అక్కడే ఉంది.